సెలవుల మామ

ధర్మవరంలో వీధికొక సెలవుల మామ ఉంటాడు. ఏప్రిల్ నాలుగో వారంలో బళ్లు మూసేసరికి బయటికి వస్తాడు, జూన్ 12 దగ్గరపడే కొద్దీ చిక్కిపోతాడు. ముప్పై అయిదుకూ యాభైకీ మధ్య వయసు, భుజాన తువ్వాలు, చేతిలో రెండు లీటర్ల నీళ్ల బాటిలు, వెనకాల ఏడెనిమిది మంది పిల్లలు. వాళ్లలో సొంత మేనల్లుళ్లు ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు ఎదురింటివాళ్లు, మూలింటివాళ్లు. అన్న కొడుకులు సైతం ఆ నెలన్నరా చిన్నాయనా అనడం మానేసి, మందతోపాటు మామా అనే పిలుస్తారు. ఏం పని చేస్తుంటాడంటే చీరల వ్యాపారమనో, ఇన్సూరెన్సనో, ప్లాట్లనో జవాబు వస్తుంది. ఎండాకాలంలో ఆ వ్యాపారం ఎవరు చూసుకుంటున్నారని అడిగేంత మర్యాద లేని మనిషి ఆ వీధిలో ఉండడు. ఆయనకు పిల్లలంటే ప్రాణమని ఆడవాళ్లు అంటారు, వానికి పనీపాటా లేదని మగవాళ్లు అంటారు. ఇద్దరి మాటా తప్పే. ధర్మవరంలో సెలవుల మామ పిల్లల్ని ఆడించడానికి పుట్టలేదు, పడుగును కాపాడడానికి పుట్టాడు. పిల్లలకు దక్కే వినోదం ఆ కాపలాలో రాలిన తుక్కు జరీ.

ఇది నమ్మాలంటే మగ్గమున్న ఇంటి కొలతలు చూడాలి. హాలు అనదగ్గ గది ఒక్కటే ఉంటుంది, దాన్ని మగ్గం ఆక్రమించుకుంటుంది. నేలలో గుంత, గుంతలో నేసేవాడి కాళ్లు, నెత్తిమీద జాకార్డు, ఎదురుగా గోడ దాకా సాగిన పట్టు పడుగు. మిగిలిన జాగాలో రాట్నం, కండెలు, వంట, చుట్టాలు, టీవీ. రెండు మూడు చీరలకు సరిపోయే పడుగు ఒకసారి ఎక్కించాక అది ఇంట్లో అందరికంటే ఖరీదైన సభ్యురాలు. దానిమీద బంతి పడితే పోగులు తెగుతాయి. తెగిన పోగునల్లా వెతికి, అతికి, మళ్లీ అచ్చులోంచి లాగాలి. మామిడిపండు తిన్న చెయ్యి తగిలితే ఆ మరకకు మందు లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ ప్రమాదాన్ని ప్రభుత్వమే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బడిలో కూర్చోబెట్టి ఉంచుతుంది. దానికి విద్య అని పేరు. తీరా వైశాఖ జ్యేష్ఠాల పెళ్లి ముహూర్తాలు ముంచుకొచ్చి, షావుకారు పూటకొకసారి ఫోన్ చేసే రోజుల్లో, అదే ప్రభుత్వం పిల్లల్ని ఇంటికి పంపేస్తుంది. ధర్మవరం చేనేతకు దక్కిన భౌగోళిక గుర్తింపులో పట్టుచీరలతో పాటు పావడాల పేరు కూడా ఉంది. అంటే ఆడపిల్ల ఏం కట్టుకోవాలో చట్టానికి తెలుసు. ఆ పావడా నేస్తున్నంతసేపూ ఆ పిల్ల ఎక్కడుండాలో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీలోకి వచ్చినవాడే మామ.

సెల్‌ఫోన్ ఉండగా మామ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఫోన్ పిల్లవాణ్ని కూర్చోబెడుతుంది, నిజమే. కానీ మగ్గం పక్కనే కూర్చోబెడుతుంది. ఫోన్ ఒకటి, పిల్లలు ముగ్గురైతే జరిగే యుద్ధం గుంత అంచునే జరుగుతుంది. పైగా ఆ ఫోన్ ఇంటి వ్యాపారానిది: కొంగు ఫోటో, అంచు ఫోటో, రంగు మార్చమని వచ్చిన వాయిస్ మెసేజ్, అన్నీ అందులోనే. కొనేవాడికి పంపాల్సిన బుట్టా డిజైనుకు బదులు కార్టూన్ పిల్లి వెళ్లిన ఇంట్లో రెండోసారి ఫోన్ పిల్లల చేతికి ఇవ్వరు. ఇంకొందరు, పెద్దవాళ్లు, పిల్లల్ని కండెలు చుట్టడానికి కూర్చోబెడితే పోలా అంటారు. వాళ్ల బాల్యం అలాగే గడిచింది కాబట్టి ఆ మాటలో కొంత కసి ఉంటుంది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఏ కొలువులోనూ ఉండకూడదన్నారు. బడి వేళలయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని ఇంటి పనికి సాయపడవచ్చని ఒక సందు మాత్రం వదిలారు. ఆ సందులో మగ్గం పడుతుందో లేదో లాయర్లు తేల్చుకోవాలి. పిల్లవాడు చుట్టిన కండెను విప్పి మళ్లీ చుట్టుకునే తల్లికి ఆ చర్చ అక్కర్లేదు. ఆవిడ చట్టం కంటే ముందే నిషేధించింది.

అమ్మమ్మ ఊరికి పంపడమనే సంప్రదాయం కూడా ఇక్కడ సగమే పనిచేస్తుంది. నేతవాళ్ల సంబంధాలు చాలావరకు నేతవాళ్లతోనే. ధర్మవరం పిల్లవాడి అమ్మమ్మగారిది హిందూపురం ముదిరెడ్డిపల్లి అయితే, అక్కడా హాల్లో మగ్గమే, అక్కడా పెళ్లి ఆర్డర్లే. ఒక గుంత పక్కనుంచి లేపి ఇంకో గుంత పక్కన దించినట్టవుతుంది. బదులుగా అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు, లెక్క చెల్లుకు చెల్లు. సమ్మర్ క్యాంపుల సంగతి త్వరగా తేల్చవచ్చు: కరాటే పొద్దున ఆరింటికి మొదలై ఎనిమిదింటికి అయిపోతుంది, మగ్గం రాత్రి దాకా నడుస్తుంది. పైగా కరాటే నేర్చుకున్నవాడు ఆ విద్యను ఇంటికి తెస్తాడు.

కాబట్టి మామ ప్రతిభను తూచాల్సింది పొద్దున కాదు, సాయంత్రం కాదు, పదకొండుకూ నాలుగుకూ మధ్య. చెరువు గట్టు మీద చిల్లాకట్టె ఆడించడం, చిత్రావతి ఇసుకలో పరుగులు పెట్టించడం ఎవడైనా చేస్తాడు. నలభై డిగ్రీల ఎండలో, నీడ కరువైన సీమలో, ఎనిమిది మందిని ఇంటి గడప తొక్కకుండా అయిదు గంటలు నిలపడం శాస్త్రం. ఈ శాస్త్రంలో మామ కనిపెట్టిన ప్రయోగశాల రైల్వే జంక్షన్. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్టుకు అంత నీడ, అంత గాలి, అంత చప్పుడు ఊళ్లో ఇంకెక్కడా దొరకవు. గుంతకల్లు వైపు నుంచి ఒకటి, బెంగళూరు వైపు నుంచి ఒకటి, కదిరి మీదుగా పాకాల వైపు పోయేది ఒకటి. గూడ్సు బండి వస్తే పెట్టెలు లెక్కపెట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది, తగవు తీరేసరికి ఇంకో గూడ్సు వస్తుంది. పాకాల లైను 2010 దాకా మీటర్ గేజీ అని మామ మొదలుపెడితే పిల్లలు బొరుగుల పొట్లం అడుగుతారు. మామ చరిత్రకూ బొరుగులకూ మధ్య ఒప్పందం అలా కుదిరింది. జనరల్ నాలెడ్జి పరీక్ష కూడా ఉంటుంది. మన జిల్లా ఏదంటే పిల్లలు శ్రీ సత్యసాయి అంటారు, 2022 ఏప్రిల్ నుంచి అదే సరైన జవాబు. అనంతపురమని మామ దిద్దుతాడు. అరగంట వాదన, ఎవరి పడుగూ తెగలేదు.

స్టేషను పాతబడిన రోజు నాటకం. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఈ ఊళ్లోనే పుట్టాడు కనుక ఇది మన రక్తంలో ఉందని మామ ప్రకటిస్తాడు. ఆయన నాటకాలాడి పేరు తెచ్చుకున్నది బళ్లారిలోనన్నది పిల్లలకు అనవసరమని అతని ఉద్దేశం. ఏ నాటకమైనా రాజు వేషం మామదే. రాజు లేని నాటకమైతే యముడు. పిల్లలు చెట్లూ, సైనికులూ, ప్రజలూ. వీధి మొత్తం గమనించీ గమనించనట్టు వదిలేసిన సాక్ష్యం ఇది: వినోదం అందుకుంటున్నది ఎవరో పాత్రల పంపకమే చెబుతోంది.

ఊరు దాటించే యాత్రలు ఈ సాక్ష్యాన్ని బలపరుస్తాయి. నెలన్నరలో ఒకటి లేపాక్షికి: హిందూపురం దాకా రైలు, అక్కణ్నించి బస్సు. మగ్గానికి దూరంగా పిల్లల్ని తీసుకుపోతున్నానని మామ నమ్మకం. కానీ లేపాక్షి గుడిలో లతామండపం ఉంది. దాని స్తంభాల మీద చెక్కిన లతలూ గళ్లూ పువ్వులూ చీరల అంచుల్లోకి దిగినవని నేతవాళ్లు చెబుతారు. ఏడేళ్ల పిల్ల స్తంభం మీద వేలు పెట్టి, ఇది మా నాయన మొన్న నేసిన అంచే కదా అంటుంది. రాతి మీద కాబట్టి చెయ్యి తియ్యమని ఎవరూ అరవరు. ఆ ఒక్క లాభమూ లేపాక్షి వల్ల ఉంది. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగే పనిని మామ పిల్లలకు ఇవ్వడు, తానే చేస్తాడు. ఏకశిలా నంది ముందు తీసిన ఫోటోలో కూడా మధ్యలో నిలబడేది అతనే. పెనుకొండలో గగన్‌మహల్ దగ్గర, 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం రాజధాని ఇక్కడికి వచ్చిన వైనం గంభీరంగా మొదలుపెడతాడు. పిల్లల చూపంతా ఆ ఊళ్లోనే పడుకున్న కుంభకర్ణుడి బొమ్మ మీద, దాని పొట్టలోకి దూరడం మీద. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఒక్కటే మామ పరువు నిలుపుతుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన, అయిదెకరాలకు పైగా పరుచుకున్న ఆ నీడలో అతడు నిద్రపోతాడు, పిల్లలు ఆడుకుంటారు. ఇద్దరికీ నిజంగా సెలవు దొరికేది ఆ పూటే.

ఇంత చిన్న ఉద్దేశం అంటగట్టడం అన్యాయమని మామ పక్షం వహించేవాళ్లు అనవచ్చు. 1876లోనే జూరిక్‌లో వాల్టర్ బియాన్ అనే పాస్టరు పట్నపు పేదపిల్లల్ని సెలవుల్లో కొండ పల్లెలకు తీసుకుపోయాడు. మన దగ్గర రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. మామ ఆ వంశం వాడు కాదా? కాదనలేను, దూరపు చుట్టమే. అయితే బియాన్ చూసింది పిల్లల ఆరోగ్యం, అన్నయ్య అక్కయ్యలు మైకు ముందుకు తెచ్చింది పిల్లల గొంతు. మామ చూసేది షావుకారు గడువు. ఉద్దేశం చిన్నదైతే ఫలితం చిన్నదవాలని ఎక్కడా లేదు గనక ఇందులో నింద ఏమీ లేదు. ఇంకో ఆక్షేపణకు మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు: సెలవుల అత్త ఎందుకు లేదు? ఉంది. కండె చుడుతూ, పొయ్యి చూసుకుంటూ, పిల్లవాడి కాలు గుంతలో పడకుండా ఏడాది పొడవునా చూసే ఆమెను ఎవరూ ఒక రకం మనిషిగా గుర్తించరు. నెలన్నర చేసినవాడికి బిరుదు, పన్నెండు నెలలు చేసినామెకు చీవాట్లు. హాస్యానికి పనికొచ్చేది మామే కాబట్టి వ్యాసం అతని మీద వచ్చింది.

సెలవులను ఆషాఢానికి జరిపితే ఈ తంటా ఉండదని తర్కం తెలిసినవాళ్లు వాదిస్తారు. ఆ నెల ముహూర్తాలుండవు, మగ్గం మీద తొందర తగ్గుతుంది. కానీ బళ్లు తెరిచిన కొద్ది రోజులకే ఆషాఢం వస్తుంది. పనెక్కువగా ఉన్నప్పుడు పిల్లలు ఇంట్లో, తీరిక ఉన్నప్పుడు బడిలో. శ్రావణం సరుకు ఆషాఢంలోనే నేయాలి కదా అంటే నిజమే. కానీ దానికి నెల గడువుంటుంది, పెళ్లి చీరకు ఎల్లుండే గడువు. మే నెల ఎండల్లో రేకుల గదుల్లో పిల్లల్ని కూర్చోబెడతారా అన్నది గట్టి అభ్యంతరం, దాన్ని కాదనడానికి లేదు. అయితే ఈ ప్రతిపాదనను వీధి అరుగు మీద ఎప్పుడు ఎత్తినా, ఎండ మాట విద్యాశాఖ కంటే ముందు, విద్యాశాఖ కంటే గట్టిగా ఎత్తేది సెలవుల మామే. పిల్లల ఆరోగ్యం, వడదెబ్బ, తాగునీళ్లు అంటూ పావుగంట ఆగకుండా మాట్లాడతాడు. మాట్లాడి, వచ్చే ఏడాది తిమ్మమ్మ మర్రిమానుకు ఎవరెవరు వస్తారో పేర్లు అప్పుడే రాసుకుంటాడు.