బాలింత మంచం చుట్టూ తప్పుడు సలహాలు

"మొదటి పాలు పిండి పారబోయండి, బిడ్డకు అరగవు." కాన్పయిన ఇంట్లో మొట్టమొదట వినిపించే సలహా ఇదే. పాటించకండి. పచ్చగా, చిక్కగా ఉండే ఆ ముర్రుపాలలోనే బిడ్డకు జబ్బులను తట్టుకునే శక్తి ఉంది. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. తేనె, పంచదార నీళ్ళు, గాడిదపాలు ఏవీ వద్దు. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు.

"బాలింతకు నీళ్ళు తగ్గించండి, పొట్ట వస్తుంది." అన్నిటిలోకీ క్రూరమైన సలహా ఇది. కాన్పులో రక్తం పోయి, రాత్రీపగలూ పాలిచ్చే మనిషి గుక్కెడు నీళ్ళకు అత్తగారి మొహం చూడాలా? దాహమైనన్ని ఇవ్వండి. పథ్యమంటూ కారప్పొడి అన్నంతో సరిపెట్టక పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టండి. కడుపుతో ఉన్న పిల్లకు "తక్కువ తిను, కాన్పు తేలికవుతుంది" అని చెప్పడమూ ఇలాంటిదే. బరువు తక్కువగా పుడితే ముప్పు బిడ్డకే.

బొడ్డుకు బూడిద, పసుపు రాయకండి, పొడిగా వదిలేయండి. బిడ్డ స్నానానికి ఒక రోజైనా ఆగండి. "కాన్పయ్యాక రక్తం పోవడం మామూలే" అన్న మాట నమ్మి కూర్చోకండి. గుడ్డ మీద గుడ్డ తడిసిపోతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆశా కార్యకర్తలకూ ఒక తప్పుడు సలహా అందుతుంటుంది: "ఆడవాళ్ళను పోగేసి ఒకసారి గట్టిగా చెప్పండి, మారతారు." మారరు. ముర్రుపాలు పారబోయమన్న అమ్మమ్మకు మనవడంటే ప్రాణం. ఆవిడను కసిరితే ఇంకెప్పుడూ మీటింగుకు రాదు, ఇంట్లో మాత్రం ఆవిడ మాటే చెల్లుతుంది. జార్ఖండ్, ఒడిశాల్లోని మూడు జిల్లాల్లో, ఎక్కువగా ఆదివాసీ ఊళ్ళలో, 2005 నుంచి 2008 దాకా ఏక్‌జుట్ సంస్థ వేరే దారి పట్టింది. ఆ ప్రాంతపు మహిళే నెలనెలా సమావేశం నడిపేది. ఉపన్యాసాలు లేవు. కథలు, బొమ్మల కార్డులు, ఆటలు. తమ ఊళ్ళో పసిబిడ్డలు ఎందుకు పోతున్నారో, ఏం చేస్తే నిలుస్తారో ఆడవాళ్ళే మాట్లాడుకుని తేల్చుకున్నారు. ఈ సమావేశాలు లేని ఊళ్ళతో పోలిస్తే ఆ మూడేళ్ళలో నెలలోపు శిశువుల మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్ళలోనైతే 45 శాతం.

కాబట్టి అత్తలను, అమ్మమ్మలను బయట నిలబెట్టి కోడళ్ళకు మాత్రమే మీటింగు పెట్టకండి. మొన్న కన్నామె పక్కన వచ్చే నెల కనబోయే అమ్మాయిని కూర్చోబెట్టండి, భయాలు చెప్పుకోనివ్వండి. పాలు పడలేదని ఏడ్చే తల్లికి డబ్బా పాలు కొనిచ్చి వెళ్ళిపోకండి. ఆ రాత్రి తోడుండి, బిడ్డను రొమ్ముకు ఎలా ఆనించాలో పక్కింటి బాలింత చేతే చూపించండి.