ధూళి పండితుడు

సూర్యనారాయణమూర్తికి అరసవల్లిలోనూ, కూర్మనాథుడికి శ్రీకూర్మంలోనూ ఆలయాలు వెలసిన శ్రీకాకుళం ప్రాంతంలో వాయుదేవుడికి మాత్రం పేరుమోసిన గుడి లేదు. ఆ లోటు తీర్చడానికా అన్నట్లు, ఆదివారం పూట వీధి అరుగు మీద కూర్చుని మోటారుసైకిలు ఎయిర్ ఫిల్టరుకు తలంటు పోసే ఒక వర్గం యువకులు ఇటీవల బయలుదేరారు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 మార్కెట్టులోకి వచ్చిన తరువాత ఈ జాతి బాగా వృద్ధి చెందింది. తమ బండిని వీరు డర్ట్ బైక్ అంటారు కానీ, అసలైన డర్ట్ బైక్ అంటే దీపాలూ నంబరు పలకా లేకుండా, మట్టి బాటల మీద పందేల కోసమే తయారైన తేలికపాటి బండి. ఇక్కడ అమ్ముడయ్యేది 21 అంగుళాల ముందు చక్రంతో తారు రోడ్డు మీదా, గతుకుల బాట మీదా నడిచే దాని దగ్గరి చుట్టమే అయినప్పటికీ, ఈ వర్గం వారి ఎదుట ఆ తేడాను ప్రస్తావించడం పెళ్ళిలో కట్నం లెక్క అడిగినంత అమర్యాద.

ఈ వర్గపు యువకుడి భక్తికి శాస్త్రాధారం లేకపోలేదు. ఒక గ్రాము పెట్రోలు సక్రమంగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి గాలి పీల్చుకుంటుంది కనుక, 200 సీసీల బండి నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు పూర్తిగా పీల్చుకుంటే దాదాపు 600 లీటర్ల గాలి లోపలికి పోతుంది. ఆ గాలితోపాటు వెళ్ళే ఇసుక పొడిలో ఇనుము కంటే గట్టిదైన సిలికా ఉండడం వల్ల అది పిస్టను రింగులనూ, సిలిండరు గోడనూ అరగదీసి, మెకానిక్కులు ‘బోరు పోయింది’ అనే దశకు బండిని చేరుస్తుంది. ఈ సంగతులన్నీ ఇతడికి కంఠోపాఠం. పాత బస్టాండు దగ్గర టీ తాగుతున్న వారికి ఎవరూ అడగకుండానే వినిపిస్తాడు కూడా.

విచిత్రమేమంటే, కంపెనీ బిగించి ఇచ్చిన ఫిల్టరుతో ఇతడికి తృప్తి కలగదు. చాలా బళ్ళలో వచ్చే నూనె పట్టించిన కాగితపు ఫిల్టరును కడగరాదు, దానికి గాలి కొట్టరాదు, గడువు తీరగానే తీసి కొత్తది వేయవలసిందేనని కంపెనీల నియమం. సేవకు అవకాశమివ్వని దైవాన్ని కొలవడం ఇతడి వల్ల కాదు కనుక, మళ్ళీ మళ్ళీ కడిగి వాడుకోదగిన స్పాంజి ఫిల్టరును కొరియరులో తెప్పించుకుంటాడు. స్పాంజిలోని సన్నని రంధ్రాలకు జిగట నూనె పట్టిస్తే దుమ్ము దానికి అంటుకుని ఆగిపోతుంది. ఆ జిగట లేని స్పాంజి నుంచి సన్నని ధూళి సులువుగా జారుకుంటుంది.

సేవా విధానం ఇలా ఉంటుంది. పక్క మూత విప్పి, దుమ్ము లోపలికి రాలకుండా ఫిల్టరును మెల్లగా బయటికి లాగి, ఇంజనులోకి గాలి వెళ్ళే గొట్టం మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కి, ఫిల్టరు ఉండే పెట్టెను తడిగుడ్డతో తుడుస్తాడు. పెట్రోలుతో కడిగితే స్పాంజి అతుకులు ఊడిపోతాయి, నిప్పు భయమూ ఉంటుంది కాబట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, తరువాత సబ్బు నీటిలో అరచేతుల మధ్య నొక్కుతాడే తప్ప పిండడు, పిండితే చిరుగుతుంది. సొంత చొక్కాను ఏనాడూ ఉతికి ఎరుగని ఈ మనిషి ఫిల్టరును మాత్రం నీడన ఆరబెట్టి, మధ్యమధ్య తిరగేస్తూ ఉండగా, వంటింట్లోంచి తల్లి వచ్చి, “ఏట్రా అది? నిన్నందులోనే కదరా బియ్యం కడిగినాను!” అని గిన్నె లాక్కుంటుంది. ఆరిన స్పాంజికి నూనె పట్టించి, పాలిథిన్ సంచిలో వేసి, నూనె అంతటా సమంగా పాకేలా పిసికి, అంచుకు గ్రీజు రాసి బిగించడంతో సేవ ముగుస్తుంది. ఆ ఆనందంలో, కుక్కిన గుడ్డను తీయడం మరచిపోయి, బండి స్టార్టు కాకపోయేసరికి బ్యాటరీనీ, పెట్రోలు బంకునూ, ఆ ఉదయం ఎదురొచ్చిన పిల్లినీ వరుసగా అనుమానించడం ఈ వర్గంలో అరుదేమీ కాదు.

అయితే ఇతడి అసలు ప్రతిభ బయటపడేది కడిగేటప్పుడు కాదు, కడగడానికి ముందు. విప్పిన ఫిల్టరును వెంటనే నీళ్ళలో వేయక, మిత్రులు వచ్చేదాకా పాత పేపరు మీద ప్రదర్శనకు పెట్టి, దుమ్ము రంగును బట్టి బండి జాతకం చెబుతాడు. బూడిద రంగులో పిండిలా ఉంటే టెక్కలి గ్రానైటు క్వారీల బాట. గరుకుగా తగిలితే వంశధార ఇసుక ర్యాంపు. ఎర్రగా ఉంటే సీతంపేట ఏజెన్సీ. ఆ చివరిది అన్నిటికన్నా గౌరవప్రదం. ఇంటి నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి టిఫిను సెంటరుకూ సిమెంటు రోడ్డు మీద తిరిగే బండికి వారమంతా పట్టేది చిటికెడు దుమ్మే కనుక, ఆదివారపు సేవకు సరిపడా మట్టి సంపాదించడానికి శనివారం ఇతడు కొండలెక్కవలసి వస్తుంది. లోకంలో తక్కినవారు బండి తిరిగింది కనుక ఫిల్టరు కడుగుతారు. ఇతడు ఫిల్టరు కడగాలి కనుక బండి తిప్పుతాడు.

ఈ కారణంగానే ఇతడికి రోడ్లు భవనాల శాఖతో తీరని వైరం ఉంటుంది. 2022లో కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి సీతంపేట వెళ్ళిపోయినందుకు బాధపడని ఇతడు, అక్కడి కొండవాలు మీద తనకిష్టమైన ఎర్రమట్టి బాటకు తారు పడుతుందని తెలిస్తే మాత్రం అన్నం సహించనంతగా కుంగిపోతాడు. రోగినీ, నిండు గర్భిణినీ డోలీలో, అంటే కర్రకు కట్టిన గుడ్డ ఊయలలో, మోసుకుని కొండ దిగవలసి వచ్చే సవర గూడేలలో ఆ తారు కోసం ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో ఇతడి ధూళిశాస్త్రంలో ఏ అధ్యాయంలోనూ ఉండదు. “మంచి బాట పాడుచేసేస్తున్నారు” అని అక్కడే నిలబడి వాపోయే ఈ పండితుడికి, కట్టెల మోపు దించుకుని సేద తీరుతున్న ఏ ముసలమ్మయినా ఇచ్చే సమాధానం ఒకటే: “దుమ్ము కావాలంటే గోనెకెత్తి అట్టుకెళ్ళు నాయినా. రోడ్డు మాకొదిలీ.”