రోగము భీమునిది, పథ్యము మాది

ధర్మరాజు మహాప్రస్థానమున తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో వాదించిన కథ విన్నప్పుడెల్ల నాకు ఆ మహానుభావునియెడ భక్తితోపాటు కొంచెము అసూయయు కలుగుచుండును. ఏలయన, ఆ శునకము సాక్షాత్తు యమధర్మరాజే గనుక దానికి చెవిపోటు లేదు, గజ్జి లేదు, దీపావళి టపాకాయలకు బెదరి మంచము క్రింద దూరు అలవాటు లేదు, హిమాలయము లెక్కుచు దాని చెవిలో రెండు పూటల చుక్కలు వేయవలసిన దుర్గతి ఆయనకు పట్టలేదు.

మా భీముడు లాబ్రడారు జాతివాడు. కాకినాడ గాలిలోని తేమకును, వ్రేలాడు చెవులకును ఎన్నడును పొసగదు. కుక్క చెవిదారి తిన్నగా లోనికి పోక, నిలువుగా క్రిందికి దిగి పిమ్మట మలుపు తిరుగుననియు, గాలి సోకని ఆ మలుపున తడి యారక బూజుజాతి క్రిములు వృద్ధినొందుననియు పశువుల డాక్టరు కాగితముపై బొమ్మ గీసి మాకు బోధించెను. చుక్కలు వేసినచో తగ్గును, మానినచో మరల వచ్చును. ఇల్లరికపుటల్లునివలె ఆ వ్యాధి మా యింట స్థిరపడి, మర్యాదలలో లేశము లోటు వచ్చినను అలుగుచున్నది.

మనుష్యుని చెవికి సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వని వినబడదు. కుక్కకు 40,000కు పైబడినదియు వినవచ్చునట. అట్టి చెవి వ్యాధిగ్రస్తమైనను, రెండు గదుల అవతల బీరువాలో చుక్కల సీసా మూత తిరుగు సవ్వడి దానికి స్పష్టముగా వినబడును. ఎదుట నిలిచి "భీమా, ఇలా రారా" యని గొంతు చించుకొన్నను వినబడదు. ఎట్లో పట్టి రెండు చుక్కలు వేసితిమా, అది తల విదిలించు విదిలింపునకు మందులో సగము నా కళ్ళజోటికిని, తక్కినది గోడమీది క్యాలెండరుకును చెందును. మాత్రల సంగతి మరియొక తీరు. ఇడ్లీలో దాచి పెట్టినచో కన్నులు అరమోడ్చి, తోక యాడించుచు, పరమ వినయముతో నమలి మ్రింగును. క్షణమాగి, ఇడ్లీ రవ్వయైన నంటని ఆ మాత్రను కడిగిన ముత్యమువలె నేలమీద నుంచి మా మొగము వంక చూచును.

ఇక ఆకలి. లాబ్రడార్లలో దాదాపు నాలుగవ వంతునకు తృప్తిని తెలుపు జన్యువొకదానిలో కొంత భాగము లోపించి యుండునని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మావానికి ఆ పేరు పెట్టునాటికి మే మీ సంగతి యెరుగము.

చెవిబాధకు మూలము ఏదో తిండి పడకపోవుట కావచ్చునని అనుమానించి డాక్టరు ఒక పరీక్ష విధించెను. అంతవరకు అది రుచియెరుగని చేపయొకటి, చిలగడదుంప యొకటి, ఎనిమిది వారములు అంతే. నడుమ మరియొక పదార్థము ఒక్క ముద్ద నోట పడినను పరీక్ష భ్రష్టమగును. శాకాహారుల మగుటచే పెరటిలో వేరుగా కుంపటి వెలసినది. అయినను అసలు చిక్కు చేప కాదు, మా అమ్మ. "నోరులేని జీవిని మాడ్చి చంపుతారా?" యని ఆమె చాటుమాటుగా పెరుగన్నము ముద్ద అందించుచుండును. అనుదినము పెట్టినను కొంత నయమే. పదిసార్లు యాచింపగా ఒకసారి దొరకిన ముద్దయే యాచనను వజ్రసదృశముగా దృఢపరచునని మనస్తత్త్వశాస్త్రము. కావుననే భీముడు మా భోజనవేళ విస్తరికి మూరెడు దూరమున ఆసీనుడై, చొంగ సన్నని దారముగా నేలకు జారుచుండ, ముద్ద పళ్ళెమునుండి నోటికి పోవు దారిని కనులతో కొలుచుచుండును. కుక్క బుద్ధి దిద్దుట దుష్కరమని అందురు గాని, ఇంటిల్లిపాదియు ఒక్క మాటమీద నిలుచుట అంతకంటె దుష్కరము.

దీనికి ఉపాయము మా యావిడకు తోచెను. "అత్తయ్యగారూ, భీముడు దీక్షలో ఉన్నాడండీ. ఎనిమిది వారాలు. మధ్యలో ఇంకేదైనా నోటికి తగిలితే దీక్షాభంగమే, మళ్ళీ మొదటినుంచి మొదలు."

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దుటమ్మా!"

అయ్యప్ప దీక్షయే 41 దినములైనప్పుడు ఎనిమిది వారముల దీక్ష సామాన్యమా? డాక్టరు ఆజ్ఞను చెవిని పెట్టని మా అమ్మ నాటినుండి వాకిట కుర్చీ వేసికొని కావలి కాచెను. పక్కింటి పిల్లవాడు గోడమీదుగా విసరిన బిస్కత్తు నేల తాకకముందే ఆమె చేతికఱ్ఱ దానిని కాలువలోనికి పంపెను. చేపలతో దీక్షయేమని నేనడుగలేదు. ధర్మసూక్ష్మములు నిలుచుచోట ప్రశ్నించువాడు మూర్ఖుడు.

గడువు తీరునప్పటికి చెవియెఱుపు తగ్గినది, గోకుట మానినది. పిమ్మట దోషి యెవరో తేల్చుటకు పాత పదార్థముల నొక్కొక్కటిగా పెట్టి చూడవలెను. మా అమ్మ కోరికమీద మొదట పెరుగన్నము పెట్టితిమి. వారము తిరుగకమునుపే భీముడు వెనుకకాలితో చెవి వాయించుట ఆరంభించెను. డాక్టరు వచ్చి, చెవి యెత్తి చూచి, "ఇంక సందేహం లేదు మామ్మగారూ, పెరుగే" ననెను.

మా అమ్మ చాలసేపు ఆలోచించి తీర్పు చెప్పెను: "పెరుగేం చేసింది నాయనా? ఆ పాలవాడు కలిపే నీళ్ళు చేశాయి గాని."

మరునాటినుండి మా యింటికి వేరొక పాలవాడు వచ్చుచున్నాడు. కుంపటి మాత్రము పెరటిలోనే యున్నది.