వాచ్‌మన్‌గా పనికిరావు, మంత్రిగా ప్రయత్నించు

జైలుకెళ్ళొచ్చినవాడికి ఈ దేశంలో ఉద్యోగం దొరకదని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. మిగతావాళ్ళ సంగతెలా ఉన్నా తెలుగువాళ్ళం మనమైనా ఈ అపవాదును ఖండించాలి. చంచల్‌గూడ జైల్లో పదహారు నెలలుండి 2013 సెప్టెంబరులో బయటికొచ్చిన జగన్‌మోహన్‌రెడ్డి గారికి 2019లో ఉద్యోగం దొరికింది. 2015లో చర్లపల్లి జైలు చూసొచ్చిన రేవంత్‌రెడ్డి గారికి 2023 డిసెంబరులో దొరికింది. చంద్రబాబునాయుడు గారిదైతే మరీ వేగం. 2023 అక్టోబరు 31న రాజమండ్రి సెంట్రల్ జైలు గేటు దాటారు, మరుసటి జూన్ 12న ప్రమాణ స్వీకారం చేశారు. ఎనిమిది నెలలైనా నిండలేదు. ముగ్గురికీ ఒకటే పోస్టు, ముఖ్యమంత్రి. ఏ ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళకైనా ఇలాంటి ప్లేస్‌మెంట్ రికార్డు ఉంటే ఊరంతా హోర్డింగులు పెట్టుకునేవాళ్ళు.

ముగ్గురూ విచారణ ఖైదీలుగానే వెళ్ళారు. ఆ కేసుల్లో ఏ కోర్టూ వాళ్ళను దోషులనలేదు. కక్షగట్టి పెట్టిన కేసులని ముగ్గురూ అన్నారు. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషే అన్న సూత్రం మీద మన ఓటర్లకు ఇంత గౌరవం ఉన్నందుకు నాకూ సంతోషమే. ఆ సూత్రం ఒక మామూలు ఎలక్ట్రీషియన్ దాకా ఎందుకు రాదన్నదే నా గోడు.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని ఖైదీలు 5,73,220 మంది. అందులో 4,34,302 మందికి ఇంకా శిక్షే పడలేదు. అంటే లోపలున్న ప్రతి నలుగురిలో ముగ్గురు మన ముఖ్యమంత్రుల బాపతే, కోర్టు ఇంకా ఏదీ తేల్చనివాళ్ళు. తేడా అల్లా వకీళ్ళలోనూ జమానతుదారుల్లోనూ ఉంది. ఆ శిక్షపడనివాళ్ళలో ఒక ఎలక్ట్రీషియన్ని ఊహించుకోండి. మూడు నెలలు రిమాండ్‌లో ఉన్నాడు, తర్వాత కోర్టు కేసు కొట్టేసింది. పాత మేస్త్రీ దగ్గరికెళ్తాడు. మేస్త్రీ చాయ్ తాగిస్తాడు. "నువ్వు మంచోడివే తమ్మీ, నాకు తెల్వదా. గని మనం పొయ్యేది మంది ఇండ్లల్లకు. రేపు ఎవలిదన్న గొలుసు కనవడకపోతే నిన్నడుగుతరా, నన్నడుగుతరా?" అంటాడు. ఆయన భయమూ అర్థం చేసుకోదగిందే. ముఖ్యమంత్రిని ఎవరూ ఇంట్లోకి పిలిచి వైరింగ్ చేయించుకోరు కదా, ఖజానా తాళాలు మాత్రమే ఇస్తారు.

పోనీ మేస్త్రీకన్నా సర్కారే నయమనుకుని ప్రభుత్వ కొలువుకు దరఖాస్తు పెట్టాడనుకోండి. సెలెక్టయ్యాక అటెస్టేషన్ ఫారం అనే కాగితం చేతికొస్తుంది. మీరెప్పుడైనా అరెస్టయ్యారా? మీ మీద ప్రాసిక్యూషన్ జరిగిందా? నిర్బంధంలో ఉన్నారా? జరిమానా పడిందా? శిక్ష పడిందా? చిత్రగుప్తుడైనా పాపంతోపాటు పుణ్యమూ రాసుకుంటాడంటారు, ఈ ఫారంలో పుణ్యానికి గడి లేదు. ఉన్నది రాస్తే ఉద్యోగం రాకపోవచ్చు. రాయకపోతే నిజం దాచాడని వచ్చిన ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గందరగోళాన్ని సర్దే ప్రయత్నం చేసింది. చిన్నతనపు చిల్లర కేసయితే దాచినా యజమాని చూసీచూడనట్టు పోవచ్చు, ఉన్నదున్నట్టు చెప్పినవాణ్ణి కూడా తీసుకోక తప్పదనేమీ లేదు అంది. మొత్తానికి నిర్ణయం సీట్లో కూర్చున్న అధికారిది. ఆయన ఆ రోజు ఇంట్లో ఎలా నిద్రలేచాడన్నది మన ఎలక్ట్రీషియన్ జాతకం.

కేసు కొట్టేశారు కదా, ఇంకేం భయం అనుకునేవాళ్ళు 2013 నాటి మెహర్ సింగ్ తీర్పు తెలుసుకోవాలి. పోలీసు ఉద్యోగానికి నిర్దోషిగా బయటపడితే చాలదు, గౌరవప్రదంగా బయటపడాలి. రాజీపడితేనో, సాక్షి అడ్డం తిరిగితేనో కేసు పోయిందనుకోండి, అది అంత గౌరవం కాదు. అధికారంలోకి రాగానే జీవోతో తమ వాళ్ళ మీది కేసులు ఎత్తేయించుకునే వసతి ఉన్నవాళ్ళకు ఈ గౌరవం సమస్య ఎందుకో ఎదురుకాదు.

ప్రైవేటు కంపెనీలు ఇంకా ఆధునికం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అని ఏకంగా ఒక వ్యాపారమే పుట్టింది. కోర్టు కేసుల వెబ్‌సైట్లలో పేరు కొట్టి వెతకడం అందులో ఒక పద్ధతి. ఒకసారి శ్రీనివాసరావు అని కొట్టి చూడండి. తిరుమల వెంకన్న మీది భక్తితో తల్లిదండ్రులు పేరు పెట్టిన పాపానికి, గుంటూరులో ఒక శ్రీనివాసరావు చెక్కు బౌన్సయితే గచ్చిబౌలిలో ఇంకో శ్రీనివాసరావు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, వాచ్‌మన్ ఉద్యోగం ఒక ఎత్తు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణకు 2005లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కోర్టులో శిక్షపడిన మనిషిని సెక్యూరిటీ గార్డుగా గానీ సూపర్‌వైజర్‌గా గానీ పెట్టుకోకూడదని అందులోని పదో సెక్షన్. ఎన్నాళ్ళు? గడువు లేదు. ఏ నేరానికి? ఆ వివరమూ లేదు. ఇరవై ఏళ్ళ వయసులో జాతరలో కొట్టుకుని శిక్షపడినవాడు అరవై ఏళ్ళొచ్చినా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర విజిల్ ఊదడానికి పనికిరాడు. ఇదే పార్లమెంటు 1951లో ప్రజాప్రాతినిధ్య చట్టం చేసుకుంది. అందులో ఎనిమిదో సెక్షన్. రెండేళ్ళో అంతకు మించో జైలుశిక్ష పడితే, ఆ శిక్షాకాలమూ విడుదలైన తర్వాత ఆరేళ్ళూ పోటీకి అనర్హుడు. ఏడో ఏడు నుంచి ఎమ్మెల్యే కావచ్చు, ఎంపీ కావచ్చు, గ్రహబలం ఉంటే రాష్ట్ర హోంమంత్రీ కావచ్చు. సెక్యూరిటీ ఏజెన్సీలకు లైసెన్సులిచ్చే నియంత్రణాధికారి ఎవరనుకున్నారు? హోంశాఖ అధికారే. అంటే గార్డు కాలేనివాడు గార్డులందరినీ అదుపు చేసే శాఖకు పెద్ద కాగలడు. అపార్ట్‌మెంటు కాపలాకు కావలసినంత శీలం రాష్ట్రం కాపలాకు అక్కర్లేదని మన చట్టాల తాత్పర్యం.

ఆ ఆరేళ్ళయినా ఖాళీగా కూర్చోవాలా అంటే అదీ లేదు. దాణా కుంభకోణంలో 2013లో శిక్షపడి లోక్‌సభ సభ్యత్వం పోగొట్టుకున్న లాలూప్రసాద్ గారు తమ పార్టీ అధ్యక్ష పదవిలో నిక్షేపంగా కొనసాగారు. ఆయన పోటీ చేయకూడదు, ఎవరు పోటీ చేయాలో మాత్రం చెప్పవచ్చు. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని తమ అఫిడవిట్లలో తామే రాసుకున్నారు. వాళ్ళూ ఫారం నింపారు, మన ఎలక్ట్రీషియనూ ఫారం నింపాడు. వాళ్ళ ఫారం చూసి జనం ఓట్లేశారు.

శిక్షపడిన నాయకులను జీవితాంతం పోటీకి దూరం పెట్టాలని సుప్రీంకోర్టులో ఒక వ్యాజ్యం నడుస్తోంది. దానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రమాణపత్రం వేసింది. అనర్హతకు ఒక గడువు పెడితే నేరమంటే భయమూ ఉంటుంది, అనవసరమైన కాఠిన్యమూ ఉండదు అన్నది దాని సారాంశం. ఎంత దయగల మాట! ఎంత నాగరికమైన మాట! ఆ ప్రమాణపత్రాన్ని తెలుగులోకి తెచ్చి, లామినేషన్ చేయించి, విడుదల రోజున ప్రతి ఖైదీ చేతిలో పెట్టాలి. సెక్యూరిటీ ఏజెన్సీవాడు వెళ్ళగొట్టినప్పుడు చదువుకుని సేదతీరవచ్చు.

చట్టసభల్లో మామూలు ఖైదీకి కాస్త కరువైన ఈ కరుణ సినిమాహాళ్ళలో ఎప్పుడూ పుష్కలమే. విక్టర్ హ్యూగో నవల ఆధారంగా 1950లో నాగయ్య గారు నటించిన 'బీదలపాట్లు' వచ్చింది. 1972లో అదే పేరుతో నాగేశ్వరరావు గారు చేశారు. రొట్టెముక్క కోసం జైలుకెళ్ళినవాడు బయటికొచ్చి పేరు మార్చుకుని, కార్ఖానా పెట్టి, ఊరికి పెద్దవుతాడు. మనవాళ్ళు కళ్ళొత్తుకుని ఇంటికెళ్ళారు. 2011లో సుప్రీంకోర్టులో జస్టిస్ మార్కండేయ కట్జూ కూడా ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి ఎంపికైన ఒక కుర్రవాడి కేసులో ఆ నవల నాయకుణ్ణే తలుచుకుని, కుర్రతనపు తప్పును క్షమించాలన్నారు. కాకపోతే ఆ నాయకుడు ఇవాళ అటెస్టేషన్ ఫారం నింపితే, పేరు మార్చినందుకొకటి, పాత శిక్ష దాచినందుకొకటి, రెండు షోకాజ్ నోటీసులు అందుకుంటాడు. నవల్లోలా వెంటాడటానికి పోలీసు ఇన్‌స్పెక్టరు కూడా అక్కర్లేదు, హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంటు చాలు.

జైళ్ళశాఖ పేరు పక్కన ఇప్పుడు సంస్కరణ సేవలు అని కూడా రాసుకుంటున్నారు. పూర్తిగా ఉత్తమాటేమీ కాదు. లోపల వడ్రంగం నేర్పుతున్నారు, నేత నేర్పుతున్నారు, సబ్బులూ ఫినాయిలూ బేకరీ సరుకూ చేయిస్తున్నారు. చంచల్‌గూడ జైలు దగ్గర పెట్రోలు బంకు పెట్టి ఖైదీలతోపాటు విడుదలైనవాళ్ళకూ పని ఇచ్చారు. హైదరాబాద్ జనం అక్కడ క్యూ కట్టి బండ్లలో పెట్రోలు పోయించుకుంటున్నారు, కొలత సరిగ్గా ఉంటుందన్న నమ్మకంతో. నేను మెచ్చుకుంటున్నాను, వెక్కిరింపు కాదు. కాకపోతే ఇందులో ఒక చేదు ఉంది. జైలు నుంచి బయటికొచ్చినవాణ్ణి నమ్మి గల్లాపెట్టె అప్పగించిన యజమాని ఎవరయ్యా అంటే, మళ్ళీ జైలే. లోపలి వడ్రంగి చేసిన కుర్చీలో కూర్చుంటాం, ఆ వడ్రంగి వచ్చి ఎదుటి కుర్చీలో ఇంటర్వ్యూకు కూర్చుంటే మనకు ఒళ్ళు జలదరిస్తుంది.

జైలంటే మనకు అంత రోతా అంటే, అదీ కాదు. 1796 నాటి సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండే పథకం పెట్టారు. ఖద్దరు బట్టలు, పళ్ళెం, గ్లాసు, సబ్బు అన్నీ వాళ్ళే ఇచ్చేవారు. డబ్బు కట్టి ఒక రోజున్నవాడు ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టుకుంటాడు. డబ్బు కట్టలేక ఒక ఏడాదున్నవాడు మొహం చాటేస్తాడు.

ఒకప్పుడు జైలు సర్టిఫికెట్‌కు ఈ దేశంలో విలువ ఉండేది. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు రుజువు అడిగేవారు, మహిళలకూ ఎస్సీ ఎస్టీలకూ మూడు నెలలు. తెల్లవాడు రాసిన నేర చరిత్రను మన సర్కారు అర్హతగా లెక్కపెట్టింది. అదే తెల్లవాడు 1871లో నేరస్థ జాతుల చట్టం చేసి, పుట్టిన బిడ్డ నుదుటనే నేరం రాశాడు. 1952లో ఆ చట్టం పోయింది. ఆ జాతులవాళ్ళ కోసం వెలసిన, బాపట్ల దగ్గరి స్టూవర్ట్‌పురానికి మాత్రం విడుదల ఉత్తర్వులు ఇంకా అందలేదు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు తీశాం, 2023లో ఇంకోటి, ఆ ఊరి దొంగ కథతో. ఏ కేసూ లేకపోయినా, చదువుకున్న కుర్రవాడు ఇంటర్వ్యూలో సొంతూరు పేరు చెప్పడానికి తటపటాయించాల్సిన పరిస్థితి ఉందంటే, వెరిఫికేషన్ పోలీసులకన్నా ముందు మనమే చేసేస్తున్నామన్నమాట.

ఇక జైలు గేటు దగ్గర పడే దండల సంగతి. 2022 ఆగస్టు 15న బిల్కిస్ బానో కేసులోని పదకొండు మంది జీవిత ఖైదీలను గుజరాత్ ప్రభుత్వం విడుదల చేసింది. జైలు బయట మిఠాయిలు తినిపించారు, దండలు వేశారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసి మళ్ళీ లోపలికి పంపింది. సామూహిక అత్యాచారమూ హత్యలూ చేసి వచ్చినవాళ్ళకు పూలదండ, సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పోయి వచ్చినవాడికి మూసిన తలుపు. ఎంత పెద్ద తప్పు చేశాడన్నదాన్ని మనం ఎప్పుడూ చూడలేదు, వెనక ఎవరున్నారన్నదే చూశాం.

పోక్సో కేసులో శిక్షపడినవాణ్ణి పిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా వేయమని ఎవరూ అడగడం లేదు. బ్యాంకును ముంచినవాడికి క్యాషియర్ పని ఇమ్మనీ అనడం లేదు. ఉద్యోగానికీ నేరానికీ సంబంధం ఉంటే చూడాల్సిందే. మనల్ని ఏలిన బ్రిటన్ 1974లోనే చట్టం చేసుకుంది, ఒక గడువు దాటాక చాలా రకాల పాత శిక్షలను మామూలు ఉద్యోగాల కోసం ఎవరికీ చెప్పుకోనక్కర్లేదని. మన దగ్గర ఆ దయ బాల నేరస్థులకూ, ప్రొబేషన్ మీద వదిలిపెట్టినవాళ్ళకూ మాత్రమే ఉంది. మిగతా పెద్దలెవరికైనా కావాలంటే ఎన్నికల్లో నిలబడాలి. కాబట్టి పార్లమెంటుకు నా విన్నపం చిన్నదే. మీకు మీరు రాసుకున్న ఆరేళ్ళ గడువును ఆ వాచ్‌మన్ చట్టంలోకి కూడా ఎక్కించండి. కొత్తగా ఆలోచించే శ్రమ కూడా ఉండదు, మీ సెక్షన్‌నే చూసి రాసుకోవచ్చు.

ఈలోగా ఓటర్లకో మాట. ఈసారి అభ్యర్థి మీ అపార్ట్‌మెంట్‌కు దండం పెట్టుకుంటూ వచ్చినప్పుడు, రోడ్లూ డ్రైనేజీ తర్వాత అడుగుదురు గానీ, ముందు ఆయన అఫిడవిట్ చేతిలో పట్టుకుని ఒక్క ప్రశ్న వేయండి: "అయ్యా, ఇదే కాగితంతో మా గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగానికొస్తే పోలీసు వెరిఫికేషన్ పాసవుతారా?"