చిల్లు లెక్క

కనుమ వెళ్ళి తొమ్మిది రోజులైంది. అరిసెల డబ్బాకి అడుగు కనిపిస్తోంది. నా ఫోటో మాత్రం చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇంకా ఊరేగుతూనే ఉంది. పడక్కుర్చీలో నేను, వీధిగుమ్మంలా తెరిచిన నోరు, పొట్ట మీద విసనకర్ర. కింద మేనల్లుడి వ్యాఖ్య: ‘మావయ్య లోడింగ్...’ దానికి 23 నవ్వుబొమ్మలు. అందులో ఒకటి మా ఆవిడది.

నిద్రపోయినందుకు నాకేం సిగ్గులేదు. కనుమ నాడు కాకైనా కదలదన్నారు, నేను కాకి కన్నా బరువైనవాణ్ణి. నా మంటల్లా మేనల్లుడు చెప్పిన కారణం మీద. డాలస్ నుంచి వచ్చాడు. నేను కళ్ళు తెరిచీ తెరవకముందే, “బ్లడ్డంతా పొట్టకెళ్ళిపోతుంది మావయ్యా, బ్రెయిన్‌కి చాలదు” అన్నాడు. అక్కడ థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి తిని జనం ఇలాగే పడిపోతారట. ఆ కోడిలో ట్రిప్టోఫాన్ ఉంటుందట.

ఉంటుంది. మామూలు కోడిలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. ఇక రక్తం సంగతా? మనం ఎంత తిన్నా మెదడు తన వాటా వదులుకోదు. ప్రతి ఇంట్లోనూ అన్నదమ్ముల్లో అలాంటివాడొకడుంటాడు.

నిజానికి అన్నమూ తీపీ దండిగా పడితే ఇన్సులిన్ ఎగదన్ని, మిగతా అమైనో ఆమ్లాల్ని కండల్లోకి తోలేస్తుంది. పోటీ తగ్గిన ట్రిప్టోఫాన్ అప్పుడు మెదడులోకి దూరి సెరటోనిన్ అవుతుంది. కానీ అన్నంతోపాటు కోడినీ గట్టిగా లాగించినవాడి దగ్గర ఈ ఎత్తు అంతగా పారదు. ఇంకోటుంది, ఒరెక్సిన్. మనల్ని మెలకువగా ఉంచే ఈ సరుకు సంగతి 1998లో బయటపడింది. రక్తంలో గ్లూకోజు పెరిగితే దాన్ని తయారుచేసే కణాలు మందగిస్తాయని ఎలుకల్లో చూశారు. ఆ ఎలుకలకి ఫోటోలు తీసి గ్రూపులో పెట్టారో లేదో మరి.

అంత ఎందుకు తిన్నావంటారా? తినలేదు, తినిపించబడ్డాను. కనుమనాడు మినుము తినాలి కనక గారెలు. మా పిన్ని ముప్పై ఏళ్ళు లెక్కల పంతులమ్మ. నాలుగు గారెలయ్యాక విస్తరికి చెయ్యడ్డం పెట్టాను.

“నాలుగెక్కడ్రా? మధ్యలో చిల్లుందా లేదా? చిల్లు పావు వంతు. నాలుగు చిల్లులూ తీసేస్తే నువ్వు తిన్నది మూడే” అంది.

న్యాయంగానే తోచి ఇంకోటి వేయించుకున్నాను. దానికీ చిల్లుంది. మొత్తం మూడుంముప్పావు. పండగపూట పావు తక్కువ తిని లేస్తారా? ఆరోది పడింది, నాలుగున్నర. సగంలో లేవకూడదంది. ఏడోదానికి ఐదుంపావు. పావులూ అరలూ లేకుండా లెక్క తేలేసరికి ఎనిమిది గారెలయ్యాయి. “ఆరే తిన్నాడు వెర్రినాగన్న” అని వంటింట్లోకి కేకేసి చెప్పింది.

పెరుగు గారె పట్టుకొచ్చినప్పుడు, నానిపోయి దీని చిల్లు పూడిపోయింది కదా పిన్నీ అన్నాను. అయితే అది పెరుగు కిందకొస్తుంది, గారె కిందకి రాదంది. చివరాఖరికి బూరె దగ్గర దొరికిందనుకున్నాను. “దీనికి చిల్లే లేదుగా!” పిన్ని మారుమాట్లాడకుండా బొటనవేలితో బూరెకి చిల్లు పొడిచి, నిండా నెయ్యి పోసి వెళ్ళిపోయింది.

అసలు ఇవేమీ తినకపోయినా మధ్యాహ్నం రెండు మూడు గంటలకి ఒళ్ళు ఓసారి దానంతటదే వాలుతుందట. పైగా ముందురోజు రాత్రి రెండింటిదాకా పేకాట. ఆ సంగతి మేనల్లుడికి చెప్పలేదు, వాడి పక్కనే మా ఆవిడుంది.

నాన్న ఉన్న రోజుల్లో, నా ఫోటోకెక్కిన ఆ కునుకు జరిగిన హాల్లోనే, పండగ మధ్యాహ్నం పదకొండు చాపలు పడేవి. కొబ్బరితోట వాటాల గొడవ ఆరేళ్ళు సాగింది. పండక్కి మాత్రం అందరూ వచ్చేవారు. భోజనాలయ్యాక ఓ రెండు గంటలు సర్వే నంబర్లు వినబడేవి కావు, గురకలే. నిద్దట్లో బాబాయి కాలు పెదనాన్న మీద పడేది, ఆయన తోసేసేవాడు కాదు. నాలుగింటికి టీ గ్లాసుల చప్పుడైతే లేచి కూచుని, ఆపినచోటు నుంచి మళ్ళీ మొదలెట్టేవారు. టీ కాస్త ఆలస్యంగా పెట్టి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాటాలు తేలిపోయాయి. ఈసారి మూడు చాపలు పడ్డాయి. ఆ 23 నవ్వుబొమ్మలూ ఎవరెవరివో నిన్న రాత్రి కూచుని లెక్కపెట్టాను. 18 పండక్కి రానివాళ్ళవి.