కుర్చీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:
"ఆవేళ నేను కుర్చీలోంచి లేవకపోయుంటే మనం గెలిచేవాళ్ళమండీ."

అవతారిక: ఈ వాక్యానికి కర్త మా బావగారు. నివాసం కాకినాడ. వృత్తి, ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు చూసి రిటైరవడం. టీకొట్టు దగ్గర, మంగలి షాపులో, పెళ్ళి పందిట్లో, ఒకసారి సంతాపసభలో కూడా ఆయన నోట ఇది వెలువడింది. సంతాపసభలో పోయినాయన గురించి రెండు ముక్కలు చెప్పమంటే, ఇద్దరూ కలిసి చూసిన మ్యాచ్‌తో మొదలుపెట్టి ఇక్కడికి వచ్చారు. పోయినాయన కొడుకు కళ్ళు తుడుచుకుని, "అవునండీ, నాన్న కూడా మీదే తప్పనేవారు" అన్నాడు.

మెతుకుసీమ కొలిచాలకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ ధైర్యం లేదు. బావగారి మూలంలో లేనిదంతా అక్కయ్య దగ్గర ఉంది.

ప్రతిపదార్థం:

ఆవేళ = 2003 మార్చి 23, ఆదివారం. జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్. తేదీ చెప్పకుండా ఉత్త "ఆవేళ" అనడంలోనే మహత్తుంది. బావగారికి ఇంకే తేదీలూ గుర్తుండవు. ఇంటికి శ్లాబు ఎప్పుడు వేశారని అడగండి, "షార్జాలో ఇసుక తుఫాను వచ్చిన వారం" అంటారు. అంటే 1998 ఏప్రిల్. సచిన్ 22న 143, 24న 134 కొట్టాడు. ఈ రెండింటి నడుమ శ్లాబు పడింది. తాపీమేస్త్రి ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని పనిచేయడం వల్లే వంటింటి వైపు వాలు తేడా వచ్చిందని అక్కయ్య వాదన. వానాకాలంలో ఆ మూల చూస్తే ఆ వాదన నిజమేననిపిస్తుంది.

కుర్చీలోంచి = వైరు కుర్చీలోంచి. నీలం తెలుపు వైర్లు అల్లినది. కుడిచేతి వైపు రెండు వైర్లు తెగితే అక్కయ్య పాత చీర అంచు చింపి కట్టింది. ఆ ముడి మీద బావగారి బొటనవేలు ఆనుతుంది. బౌలర్ పరుగెత్తుతున్నంతసేపూ వేలు ముడిని నొక్కుతూనే ఉంటుంది, బంతి పడ్డాక వదులుతుంది. ఇన్నేళ్ళ రాపిడికి అక్కడ చీర రంగు పోయింది.

లేవకపోయుంటే = లేచారు గనుక ఈ మాట. ఎందుకు లేచారన్నది పాఠాంతరాల కింద చెబుతాను.

మనం = ఇది గట్టి పదం. "మేము" అంటే వినేవాడు తప్పించుకుపోతాడు. "మనం" అన్నాక మీరూ అందులో ఉన్నట్టే. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన కుర్రాడు, 2003 నాటికి పుట్టనివాడు కూడా, ఈ మాట పడగానే ఓటమిలో వాటాదారుడై, పాపం, బిల్లు చేతికిచ్చి తలవంచుకుని వెళ్ళాడు.

గెలిచేవాళ్ళం = జరగనిది, జరగవలసినది.

అండీ = గోదావరి మర్యాద. మీటరు కుర్రాడికీ దక్కింది.

శంక: బావగారు లేచేటప్పటికే ఆస్ట్రేలియా రెండే వికెట్లకు 359 కొట్టింది కదా? పాంటింగ్ 140తోనూ, మార్టిన్ 88తోనూ అవుటవకుండా నిలిచారు కదా? అప్పుడు కుర్చీలోనే ఉన్న బావగారు ఏం చేశారు?

సమాధానం: ఈ శంక నేనే ఒకసారి భోజనాల దగ్గర లేవనెత్తాను. బావగారు ముద్ద కలుపుతూనే, "ఆ కప్పులో సచిన్ మొత్తం 673 కొట్టాడోయ్. వాడు ఉంటే 359 ఒక లెక్కా?" అన్నారు. తార్కికులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. ఆ పూట పప్పుచారు బాగుంది, నేను ఒప్పుకున్నాను.

పాఠాంతరాలు: బావగారి ప్రతిలో, గుమ్మంలో ఎవరో పిలిచినట్టయితే లేచారు. ఆ క్షణానే మెక్‌గ్రాత్ మొదటి ఓవర్లో సచిన్ పుల్ చేయబోతే బంతి నిటారుగా గాల్లోకి లేచి బౌలర్ చేతుల్లోనే పడింది. నాలుగు పరుగులు. గుమ్మంలో ఎవరూ లేరు.

అక్కయ్య ప్రతి వేరు. ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, "చూస్తూండండి, పొంగితే కట్టేయండి" అని చెప్పి పక్కింటికి వెళ్ళింది. బావగారు చూస్తూనే ఉన్నారు, టీవీని. పాలు పొంగి, బర్నరు ఆరి, గ్యాసు వాసన ముందుగదికి వచ్చాక గానీ కుర్చీ కదల్లేదు. అక్కయ్య తిరిగొచ్చేసరికి గట్టు మీంచి పాలు కారుతున్నాయి, బావగారు తలపట్టుకుని ఉన్నారు. పాల గురించే కాబోలనుకుని ముందు ఆవిడే ఓదార్చింది. విషయం తెలిశాక అన్న మాట ఇది: "లేవాల్సినప్పుడు లేచుంటే పాలూ ఉండేవి, టెండూల్కరూ ఉండేవాడు."

నా మట్టుకు నాకు రెండో ప్రతే ప్రామాణికం. ఆ గట్టు మీద మరక నేను చూశాను.

అలంకారం: అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట. ఇక్కడ కారణం కాకినాడ వంటింట్లో, కార్యం జొహానెస్‌బర్గ్ పిచ్ మీద. అలంకారశాస్త్రం రాసినవాళ్ళకు ఇంత దూరపు ఉదాహరణ దొరికి ఉండదు.

ఉపపత్తి: కదలకపోతే గెలుస్తామన్న సిద్ధాంతం బావగారికి ఊరికే పుట్టలేదు. 2001 మార్చి 14, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. ఫాలో ఆన్ ఆడుతున్న జట్టు. మన లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దున దిగి సాయంత్రం దాకా ఆడారు. రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు, 335 పరుగులొచ్చాయి. ఆఫీసు క్యాంటీన్లో టీవీ ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడే ఉండాలని బావగారు ఆర్డరు వేశారట. అటెండరు చేతిలో టీ ట్రేతో గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ రోజు ఆఫీసులో ఒక్క ఫైలూ కదల్లేదని చెప్పుకుంటారు. మిగతా రోజుల సంగతి అడగకూడదు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, మర్నాడు హర్భజన్, 171 పరుగుల తేడాతో గెలుపు. ఆ టెస్టు మొదలైన ఆదివారమే బర్మింగ్‌హామ్‌లో మన గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాడు. దానికి మాత్రం బావగారు బాధ్యత తీసుకోరు. ఆయన చూడలేదు.

2011 ఏప్రిల్ 2న, మళ్ళీ ప్రపంచకప్ ఫైనల్ నాడే, మేనకోడలి పెళ్ళిచూపులు. సాయంత్రం వచ్చిన మగపెళ్ళివారు భోజనాలయ్యాక కూడా కదల్లేదు. జీతమెంత, సెలవులెన్ని అన్న ప్రశ్నలన్నీ ఓవర్ల మధ్యలోనే. గంభీర్ 97 దగ్గర అవుటవగానే పెళ్ళికొడుకు "అయ్యో, మూడు" అన్నాడు. బావగారు జాతకచక్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకేం చూడనక్కర్లేదని అర్థం. ఇప్పుడు వాళ్ళకు ఇద్దరు పిల్లలు.

అపవాదం: తర్వాత కొడుకు ముచ్చటపడి సోఫా కొన్నాడు. వైరు కుర్చీ మేడెక్కి నీళ్ళట్యాంకు పక్కన చేరింది. సోఫాలో ముగ్గురు పడతారు, దాంతో పూచీ ఎవరిదో తేలకుండా పోయింది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్లో మనం 240 కొట్టి, హెడ్ 137తో మ్యాచ్ లాక్కుపోతుంటే, లేచింది ఫోను ఛార్జరు కోసం వెళ్ళిన మనవడా, కాలు తిమ్మిరెక్కిన కొడుకా అని రాత్రి పదకొండు దాకా పంచాయితీ. మర్నాడు పొద్దున్నే బావగారు మేడెక్కి కుర్చీ దించి, కడిగి, ఎండలో పెట్టారు.

నిదర్శనం: 2024 డిసెంబరు 28, శనివారం, మెల్‌బోర్న్. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. మిగిలింది సిరాజ్ ఒక్కడే. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. స్టేడియంలో నితీశ్ తండ్రి దణ్ణం పెడుతూ కనిపించారు. ఇక్కడ బావగారు కుర్చీలో బొటనవేలు ముడి మీద ఆనించి, బీపీ మాత్ర కూడా వేసుకోకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సిరాజ్ మూడూ కాచుకున్నాడు. బోలండ్ తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోరు కొట్టి వంద చేసి, మోకాలి మీద కూర్చుని, బ్యాటు నిలబెట్టి దాని మీద హెల్మెట్ తగిలించాడు. బావగారి కళ్ళలో నీళ్ళు.

"ఆ మూడు బంతులూ సిరాజ్ ఆడలేదోయ్, నేను ఆడాను" అన్నారు నాతో.

"మరి బుమ్రా అవుటైనప్పుడు ఎవరు ఆడారో?" అంది అక్కయ్య వంటింట్లోంచి.

"అప్పుడే కదే నువ్వు కాఫీ తెచ్చావు."