ఇంకో చుట్టు తిప్పు తమ్ముడూ

సీరియల్స్ చదవనని నలుగురిలో గొప్పగా చెప్పుకుని తిరిగాను. పచ్చి అబద్ధం. వారపత్రిక ఇంట్లో పడగానే నేను మొదట తెరిచేది సీరియల్ పేజీయే. చాటుగా చదివేసి, బయటికొచ్చి సంపాదకీయం గురించి మాట్లాడేవాణ్ణి. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేసే ఉంటారు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

అమ్మకి ఈ దాపరికం లేదు. 1960ల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వస్తున్ననాటి నుంచీ ఆవిడ పాఠకురాలు. 1976లో అది సినిమాగా వచ్చాక కూడా ఆ పాత పేజీలే మళ్ళీ మళ్ళీ చదువుకునేది. ‘ఆంధ్రభూమి’లో యండమూరి ‘తులసిదళం’ నడుస్తున్నన్నాళ్ళూ చీకటి పడితే పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదు. సీరియల్ పూర్తయ్యాక పేజీలన్నీ ఊడదీసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసేది. వెనక వైపు ఇంకెవరిదో కథ సగం, తలనూనె ప్రకటన, అమ్మ పెన్సిలుతో నింపిన గళ్ళనుడికట్టు ఉండేవి.

నాకు ఉద్యోగం వచ్చింది. అద్దాల బీరువా కొన్నాను. ఇంటికొచ్చినవాళ్ళు అందులో పెద్ద పెద్ద పుస్తకాలే చూడాలని పట్టుదల పుట్టింది. ఒక ఆదివారం అమ్మ గుడికి వెళ్ళిన సమయం చూసుకుని పాత పేపర్ల అతన్ని కేకేశాను. అతను తక్కెడ పట్టాడు, నేను అమ్మ కుట్టిన పుస్తకాలు చేతుల నిండా తెచ్చి పోశాను, అతను తూచాడు, నేను డబ్బులు జేబులో వేసుకున్నాను, సైకిలు సందు మలుపు తిరిగింది, గేటు తీసుకుని అమ్మ వచ్చింది.

“చందమామవి కూడా ఇచ్చేశావుట్రా?” అంది. అంతే అంది.

అవి ‘చందమామ’లో వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్. నేను అన్నం తినకుండా మారాం చేస్తే అమ్మ వాటిల్లోంచే ఒక్కో భాగం చదివి వినిపించి తినిపించేది. 1954లో మొదలైన ‘తోకచుక్క’ దగ్గర్నుంచి దశాబ్దాల పాటు ఆయన తెలుగు పిల్లలకి నిద్ర లేకుండా చేశాడు. ఆ సీరియల్స్ మీద ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. అంత రాసినవాడు పేరు లేకుండా ఉండగలిగాడు. మంచి పాఠకుడన్న పేరు కోసం నేను అమ్మ పుస్తకాలు తూకానికి వేశాను. దీనికి నా దగ్గర ఏ సమర్థనా లేదు.

ఇప్పుడు సీరియల్స్ ఫోన్లోకి వచ్చాయి. మొన్న సికింద్రాబాద్ స్టేషన్ నుంచి కూకట్‌పల్లికి క్యాబ్‌లో వస్తూ ఒకటి చదువుతున్నాను. “సార్, లొకేషన్ వచ్చింది. ట్రిప్ ఎండ్ చెయ్యనా?” అన్నాడు డ్రైవర్. కథలో ఆసుపత్రి తలుపు అప్పుడే తెరుచుకుంటోంది. ఇంట్లో అడుగుపెడితే పిల్లల ముందు చదవలేను. ఈ వయసులోనూ అదే బిడియం! “ఇంకో చుట్టు తిప్పు తమ్ముడూ, డబ్బులిస్తాను” అన్నాను.

అతను అద్దంలోంచి నా ఫోను చూశాడు. “గిరాకీ లేనప్పుడు నేను కూడ గివే వింట సార్. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌ల గంటలు గంటలు పడుంటం గద. మీరు ఏ భాగంల ఉన్నరు?” అని అడిగాడు. మొహమాటం లేదు, సిగ్గు లేదు, అమ్మలాగే. కారు చెట్టు కింద ఆపించి ఆ కథ గురించి మాట్లాడుకున్నాం. సీరియల్స్ అంటే నాకు ప్రాణమని పైకి చెప్పడం అదే మొదటిసారి.

అమ్మకి ‘సెక్రటరీ’ నవల కొత్త ప్రతి కొనిచ్చాను. సంతోషించింది. కానీ ఆవిడ కుట్టిన పేజీలు ఏ కొట్లోనూ దొరకవు. మీ అటక మీద అలాంటి కుట్టు పుస్తకాలు ఉంటే దయచేసి పాత పేపర్లతో కలిపి వేయకండి. కుట్టినవాళ్ళు ఇంట్లో ఉంటే ముందు వాళ్ళని అడగండి.